టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ పెరిగినట్టేనా? హాస్టల్ వాటర్ ట్యాంకు భాషలో హార్మోన్ల కథ

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక మెసేజ్. అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్‌లో ఉండి కోచింగ్ తీసుకుంటున్న ఒక చెల్లి రిపోర్టు ఫొటో పంపించింది. టీఎస్‌హెచ్ అని రాసి పక్కన 11 అని ఉంది. నార్మల్ రేంజ్ సుమారు 0.4 నుంచి 4 దాకా. 11 పక్కన ఎర్రగా పైకి బాణం గుర్తు. కింద చెల్లి రాసింది: "అన్నా, నాకు థైరాయిడ్ బాగా ఎక్కువైపోయింది. అందుకే టాబ్లెట్ సగం చేసి వేసుకుంటున్నా, కరెక్టేనా?"

కరెక్ట్ కాదు. సరిగ్గా ఉల్టా చేసింది పాపం. కానీ తప్పు ఆ అమ్మాయిది అనను. రిపోర్టులో బాణం పైకి ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు? ఎక్కువైంది అనే కదా. మైత్రీవనం నుంచి పంజాగుట్ట దాకా నడిస్తే ఎటు చూసినా ల్యాబ్ బోర్డులే, థైరాయిడ్ ప్రొఫైల్ ఆఫర్లే. టెస్ట్ చేయించుకోవడం బిర్యానీ ఆర్డర్ పెట్టినంత ఈజీ అయింది. రిపోర్టు వాట్సాప్‌లో వచ్చేస్తుంది. దాన్ని ఎలా చదవాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఇవాళ అది చెప్పుకుందాం.

ముందు ఒక చిన్న మాట. మనవాళ్లు "నాకు థైరాయిడ్ ఉంది" అంటారు. థైరాయిడ్ అందరికీ ఉంటుంది ఫ్రెండ్స్, లేకపోతేనే సమస్య. గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి అది. తెలుగు మీడియంలో చదివినవాళ్లకి గుర్తుంటుంది, అవటు గ్రంథి అని. పీయూష గ్రంథి, అధివృక్క గ్రంథులు, వీటన్నిటినీ కలిపి వినాళ గ్రంథులు అని బట్టీ పట్టాం. వినాళం అంటే నాళం లేనిది. లాలాజల గ్రంథికి నోట్లోకి ఒక గొట్టం ఉంటుంది. వీటికి అలాంటి గొట్టం ఏదీ ఉండదు, తయారుచేసిన సరుకుని నేరుగా రక్తంలో కలిపేస్తాయి. ఆ సరుకే హార్మోన్. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సెక్రిటిన్ అనే మొదటి హార్మోన్‌ని పట్టుకున్నారు. 1905లో స్టార్లింగే హార్మోన్ అన్న మాట వాడాడు. గ్రీకులో దానికి అర్థం కదిలించేది, రెచ్చగొట్టేది అని.

రక్తంలో కలిస్తే ఒంట్లో అన్ని చోట్లకీ పోతుంది కదా, మరి ఎక్కడ పనిచేయాలో దానికెలా తెలుసు? దానికేం తెలియదు. ఏ కణం మీద ఆ హార్మోన్‌కి సరిపోయే గ్రాహకం ఉందో, ఆ కణమే స్పందిస్తుంది. ఓటీపీ లాగా, మెసేజ్ గాల్లో పోతూనే ఉంటుంది, మీ నంబరున్న ఫోనే మోగుతుంది.

ఇంతవరకు టెక్స్ట్‌బుక్‌లో ఉన్నదే. ఎక్కువమందికి అర్థం కానిది దీని తర్వాతి సంగతి: ఎంత తయారుచేయాలో ఎవరు చెప్తారు? ఎప్పుడు ఆపాలో ఎవరు చెప్తారు? దీనికి మీ హాస్టల్ టెర్రస్ మీదున్న వాటర్ ట్యాంకు దగ్గరికి వెళ్దాం.

కింద మోటారు ఉంది, దాని దగ్గర వాచ్‌మన్. పైన వార్డెన్ మేడమ్. ట్యాంకులో నీళ్లు తగ్గగానే వార్డెన్ ఫోన్ చేస్తుంది, "మోటారు వెయ్." నీళ్లు నిండితే ఫోన్లు ఆగిపోతాయి. నీళ్లు రాకపోతే? ఒకటికి పది ఫోన్లు. ఇప్పుడు ఇది మీ ఒంట్లో పెట్టి చూడండి. మోటారు అంటే థైరాయిడ్ గ్రంథి. ట్యాంకులో నీళ్లంటే రక్తంలో థైరాయిడ్ హార్మోన్, ముఖ్యంగా టీ4. వార్డెన్ అంటే మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి, పిట్యూటరీ. ఆవిడ చేసే ఫోన్ కాల్స్ ఏంటంటే, అదే టీఎస్‌హెచ్. వార్డెన్ మీద ఓనర్ కూడా ఉంటాడు, హైపోథాలమస్, ఆయన టీఆర్‌హెచ్ అనే హార్మోన్‌తో వార్డెన్‌ని పురమాయిస్తుంటాడు.

ఇప్పుడు చెప్పండి. టీఎస్‌హెచ్ 11 అంటే ఏంటి? వార్డెన్ ఆగకుండా ఫోన్లు చేస్తోంది. ఎందుకు? ట్యాంకు ఖాళీ అవుతోంది కాబట్టి. టీఎస్‌హెచ్ పెరిగిందంటే మామూలుగా థైరాయిడ్ హార్మోన్ తగ్గుతోందని అర్థం, దాన్నే హైపో థైరాయిడ్ అంటారు. టీఎస్‌హెచ్ దాదాపు సున్నాకి పడిపోయిందంటే ట్యాంకు పొంగిపోతోంది, వార్డెన్ ఫోన్ స్విచాఫ్ చేసుకుని కూర్చుంది. అది హైపర్. మన చెల్లి వేసుకునే టాబ్లెట్ ఏంటంటే, మోటారు సరిగ్గా పనిచేయట్లేదు కాబట్టి బయట నుంచి తెప్పించే వాటర్ ట్యాంకర్. హైదరాబాద్ వాళ్లకి ట్యాంకర్ అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. ట్యాంకు ఖాళీ అని వార్డెన్ మొత్తుకుంటుంటే, తను సగం ట్యాంకరే పంపించమంది. అదీ జరిగింది.

అసలు నీళ్లే కొలవకుండా, ఫోన్ కాల్స్ కొలవడం ఎందుకు అని అడుగుతారు. మంచి ప్రశ్న. వార్డెన్ చాలా సెన్సిటివ్. టీ4 సగానికి తగ్గితే టీఎస్‌హెచ్ రెట్టింపు కాదు, దాదాపు వంద రెట్ల దాకా పెరగొచ్చు. అంటే నీళ్లు కొంచెం తగ్గి టీ4 ఇంకా నార్మల్ రేంజ్‌లోనే కనిపిస్తున్నా ఫోన్లు మోగడం మొదలవుతుంది. అందుకే డాక్టర్లు ముందు టీఎస్‌హెచ్ చూస్తారు. అయితే వార్డెన్‌కే ఒంట్లో బాగోకపోతే, అంటే పీయూష గ్రంథిలోనే సమస్య ఉంటే, ట్యాంకు ఎండిపోయినా ఫోన్ రాదు. అప్పుడు టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే మోసపోతాం, టీ4 కూడా కావాలి. ఇంకో విచిత్రం ఉంది. గ్రేవ్స్ అనే జబ్బులో మన రోగనిరోధక వ్యవస్థ తయారుచేసిన యాంటీబాడీలు వార్డెన్ గొంతు మిమిక్రీ చేస్తాయి. వాచ్‌మన్ నమ్మేసి మోటారు ఆపకుండా నడిపిస్తూనే ఉంటాడు. అసలు వార్డెన్ మాత్రం ఒక్క ఫోన్ కూడా చేసి ఉండదు. టీఎస్‌హెచ్ సున్నా, హార్మోన్ మాత్రం వరద.

ఫోన్లు ఆగకుండా వస్తే మోటారుకి ఏమవుతుందో కూడా చూడండి. అయోడిన్ లేకపోతే థైరాయిడ్ హార్మోన్ తయారవదు. ముడిసరుకు లేదు, ఫోన్లు మాత్రం వస్తూనే ఉంటాయి. ఆ ఒత్తిడికి గ్రంథి పెరిగి పెరిగి గొంతు దగ్గర ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అదే గాయిటర్. 1962లో కేంద్రం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది దానికోసమే. మీ ఇంట్లో ఉప్పు ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని రాసి ఉండటం వెనుక కథ ఇది.

ఇప్పుడు నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. ఇది మన సిటీలోనే జరిగింది, మనలో చాలామందికి తెలియదు.

2004లో ఇండియన్ జర్నల్ ఆఫ్ పీడియాట్రిక్స్‌లో ఒక పేపర్ వచ్చింది. రాసింది ఎ. రాధారమాదేవి, ఎస్.ఎం. నౌషాద్. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, అంటే డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ సెంటర్, దాని నుంచి చేసిన పని. నగరంలోని నాలుగు పెద్ద ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో పుట్టిన పిల్లల మడమ మీద చిన్నగా సూది గుచ్చి, రెండు మూడు చుక్కల రక్తం ఫిల్టర్ పేపర్ మీద తీసుకున్నారు. 18,300 మంది పిల్లలకి చేశారు. పుట్టుకతో వచ్చే లోపాలు చాలావాటి కోసం వెతికారు. వాటిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది ఏంటో తెలుసా? పుట్టుకతోనే థైరాయిడ్ పనిచేయకపోవడం. 1,700 మందికి ఒకరు. మామూలుగా ప్రపంచ లెక్కల్లో మూడు నాలుగు వేల మందికి ఒకరు అని చెప్తుండేవాళ్లు. ఇక్కడ దానికి దాదాపు రెట్టింపు.

ఎందుకింత సీరియస్‌గా చెప్తున్నానంటే, మెదడు ఎదగాలంటే థైరాయిడ్ హార్మోన్ కావాలి. కడుపులో ఉన్నంతకాలం తల్లి హార్మోన్ కొంత బిడ్డకి అందుతుంది. అంటే పక్కింటి పైపు నుంచి నీళ్లు వస్తున్నాయన్నమాట. పుట్టిన రోజు ఆ పైపు కట్. బిడ్డకి సొంత మోటారు లేదు. కానీ చూస్తే ఏం తెలియదు! అదీ ఇందులో ఉన్న బాధ. ఆ బిడ్డ ఎక్కువగా ఏడవడు, నిద్రపోతూ ఉంటాడు, పాలు నెమ్మదిగా తాగుతాడు. ఇంట్లో పెద్దవాళ్లు మురిసిపోతారు, "మావాడు బంగారం, అసలు ఏడవనే ఏడవడు" అని. కామెర్లు ఎక్కువ రోజులు ఉంటే పొద్దుటెండలో పెట్టండి అంటారు. మలబద్ధకం ఉంటే పాలు పడలేదంటారు. నెలలు గడిచిపోతాయి. అప్పటికి మెదడుకి జరిగిన నష్టం తర్వాత ఎన్ని టాబ్లెట్లు వేసినా పూర్తిగా వెనక్కి రాదు.

అదే మొదటి రెండు వారాల్లో కనిపెడితే? చిన్న టాబ్లెట్ పొడి చేసి, చెంచాలో కాసిన్ని తల్లిపాలలో కలిపి రోజూ పట్టిస్తారు. అంతే. ఆ బిడ్డ మిగతా పిల్లల్లాగే బడికి పోతాడు, ఆడుకుంటాడు, పెద్దయి అమీర్‌పేటలో కోచింగ్‌కీ వస్తాడు. ఖరీదైన మందు కూడా కాదు. ఇంత చవకగా, ఇంత పూర్తిగా ఆపగలిగే మానసిక వైకల్యం ఇంకొకటి చూపించడం కష్టం.

ఆ మడమ రక్తంలోనూ వెతికేది వార్డెన్ ఫోన్లనే, టీఎస్‌హెచ్‌నే. ఒక చిక్కు ఉంది. బిడ్డ పుట్టగానే వెచ్చటి చోటు నుంచి చల్లగాలిలోకి వస్తుంది కదా, ఆ కుదుపుకి ఆరోగ్యంగా ఉన్న బిడ్డకి కూడా టీఎస్‌హెచ్ ఒక్కసారి బాగా ఎగిసిపడుతుంది. మరుసటి రోజు నుంచి దిగుతుంది. అందుకే ఈ టెస్ట్ సాధారణంగా రెండు రోజులు దాటాక చేస్తారు. మరీ ముందు చేస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు.

అదే లిస్టులో రెండోది ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 2,575 మందికి ఒకరు. దాని పేరు కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేషియా, సీఏహెచ్ అంటారు. ఇక్కడ మోటారు అంటే కిడ్నీల మీద టోపీల్లాగా ఉండే అధివృక్క గ్రంథులు. అవి తయారుచేయాల్సింది కార్టిసాల్. మనం జబ్బుపడ్డప్పుడు, ఒత్తిడిలో ఉన్నప్పుడు బీపీ, షుగర్ పడిపోకుండా నిలబెట్టే హార్మోన్. ఇక్కడ వార్డెన్ చేసే ఫోన్ పేరు ఏసీటీహెచ్. ఈ పిల్లల్లో కార్టిసాల్ తయారీకి కావాల్సిన ఒక ఎంజైమ్ పుట్టుకతోనే పనిచేయదు. అంటే మోటారు బాగానే ఉంది, ట్యాంకుకి వెళ్లే పైపు పగిలింది. ట్యాంకు నిండదు, వార్డెన్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంది, వాచ్‌మన్ మోటారు వేస్తూనే ఉంటాడు, నీళ్లన్నీ పగిలిన చోటు నుంచి పక్కింట్లోకి పోతాయి. ఆ పక్కిల్లు ఏంటంటే మగ హార్మోన్లు. కార్టిసాల్ కావాల్సిన ముడిసరుకంతా అటు మళ్లుతుంది.

దాంతో ఆడబిడ్డ పుడితే జననాంగాలు మగబిడ్డవి లాగా కనిపించవచ్చు, ఆడా మగా అని సందేహం వస్తుంది. ఊళ్లో ఏవేవో మాటలు అంటారు. మగబిడ్డలో పైకి ఏ తేడా కనిపించదు, ఇంటికి పంపించేస్తారు. జబ్బు తీవ్రంగా ఉంటే రెండో మూడో వారంలో వాంతులు మొదలవుతాయి, ఒంట్లో ఉప్పు నిలవదు, నీరసించి ప్రాణం మీదికి వస్తుంది. విరేచనాల జబ్బేమో అనుకుని సెలైన్ పెట్టి ఊరుకుంటే అసలు కారణం దొరకదు. ట్రీట్‌మెంట్ ఏంటో ఇప్పుడు మీరే చెప్పగలరు. ట్యాంకర్ పంపించాలి, అంటే కార్టిసాల్ లాంటి మందు ఇవ్వాలి. ఉప్పుని నిలబెట్టే మందు కూడా అవసరాన్ని బట్టి ఇస్తారు. ట్యాంకు నిండగానే ఫోన్లు తగ్గుతాయి, మోటారు నెమ్మదిస్తుంది, పక్కింట్లో వరద తగ్గుతుంది. మగ హార్మోన్ తగ్గించడానికి కార్టిసాల్ ఇవ్వడం! లూప్ తెలియకపోతే ఈ వైద్యం అర్థమే కాదు.

ఈ మడమ టెస్ట్ మన దేశమంతటా ప్రతి ఆస్పత్రిలో తప్పనిసరి కాలేదు. మీ అక్కకో వదినకో డెలివరీ ఉంటే, డిశ్చార్జ్ అయ్యేలోపు ఒక్కమాట అడగండి: "బేబీకి హీల్ ప్రిక్ టెస్ట్ చేశారా?" అని. ఫొటోలు, స్టేటస్‌లు తర్వాత పెట్టుకోవచ్చు.

సరే, ఇప్పుడు మన బ్యాచ్ సంగతి, ముఖ్యంగా జిమ్ బ్యాచ్. ట్యాంకర్‌తో ఒక ప్రమాదం ఉంది. రోజూ ట్యాంకర్ వచ్చి ట్యాంకు నింపేస్తుంటే వార్డెన్ ఫోన్ చేయడం మానేస్తుంది. వాచ్‌మన్ ఊరెళ్లిపోతాడు. మోటారు తుప్పు పడుతుంది. సన్నగా ఉన్నానని ఒళ్లు రావడానికి ఎవరో చెప్పారని స్టెరాయిడ్ టాబ్లెట్లు కొని నెలల తరబడి వాడేవాళ్లున్నారు. ఆకలేస్తుంది, ముఖం నిండుగా అవుతుంది, పని చేస్తోంది అనుకుంటారు. లోపల అధివృక్క గ్రంథులు కుంచించుకుపోతుంటాయి. ఒకరోజు భయపడి టక్కున ఆపేస్తారు. ట్యాంకర్ రాదు, మోటారు పనిచేయదు. మామూలు జ్వరం వచ్చినా తట్టుకోలేని పరిస్థితి. వాంతులు, కడుపునొప్పి, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్తుంది. ఆస్తమాకో కీళ్లజబ్బుకో డాక్టర్ రాసిన స్టెరాయిడ్ అయినా సరే, కొన్ని వారాలు వాడాక మీ అంతట మీరు ఆపకండి. డాక్టర్ మెల్లమెల్లగా తగ్గిస్తారు, వాచ్‌మన్ ఊరి నుంచి తిరిగొచ్చేదాకా టైమ్ ఇవ్వడానికి.

టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లదీ ఇదే కథ. బయట నుంచి వస్తోంది కదా అని వార్డెన్ ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ ఫోన్లు ఆపేస్తుంది. వృషణాలు చిన్నవైపోతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి. ఆపాక మళ్లీ మామూలు కావడానికి నెలలు పట్టొచ్చు, కొందరికి ఇంకా ఎక్కువ. బైసెప్స్ చూసి పెళ్లి కుదిరాక పిల్లలు ఎందుకు పుట్టట్లేదని తిరగడం... నవ్వకండి, జరిగేదే చెప్తున్నా.

అన్ని హార్మోన్లకీ వార్డెన్ ఉండదు, అదీ చెప్పాలి. మీరు ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తిన్న కాసేపటికే క్లోమం నేరుగా రక్తంలో షుగర్ చూసి ఇన్సులిన్ వదులుతుంది, ఎవర్నీ అడగదు. గొంతులోనే థైరాయిడ్ వెనకాల నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి, అవి కాల్షియం ఒక్కటే చూస్తుంటాయి. ప్రసవం అప్పుడు ఆక్సిటోసిన్ అయితే పూర్తిగా ఉల్టా, నొప్పులు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది, బిడ్డ బయటికి వచ్చేదాకా ఆగదు.

టెస్టులకి వెళ్లేవాళ్లకి రెండు ప్రాక్టికల్ విషయాలు. ఒకటి, హాస్టల్ బోర్ నీళ్లకి జుట్టు ఊడుతోందని చాలామంది బయోటిన్ టాబ్లెట్లు, గమ్మీలు తింటున్నారు. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రకాల ల్యాబ్ పరీక్షల్ని తప్పుదారి పట్టిస్తుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా చూపిస్తుంది. అంటే లేని హైపర్ థైరాయిడ్ కాగితం మీద పుడుతుంది. అమెరికాలో ఎఫ్‌డీఏ 2017లో దీనిమీద హెచ్చరిక కూడా ఇచ్చింది. కాబట్టి రక్తం ఇచ్చేముందు చెప్పండి, ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగండి. రెండోది, కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి రాత్రికి తగ్గుతుంది. అందుకే ఆ టెస్ట్ పొద్దున్న ఎనిమిదింటికి రమ్మంటారు. మీరు నైట్ షిఫ్ట్ చేసి పగలు పడుకునేవాళ్లయితే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పకపోతే నంబరు చూసి ఏమీ తేల్చలేరు.

మళ్లీ మన చెల్లి దగ్గరికి. డాక్టర్‌ని కలవమన్నాను. ఈ ఏరియాలోనే పంజాగుట్ట నిమ్స్‌లో ఎండోక్రినాలజీ విభాగం ఉంది, హార్మోన్ల డాక్టర్లు అంటే వాళ్లే. వెళ్లింది. మళ్లీ పూర్తి టాబ్లెట్, పరగడుపున నీళ్లతో, తర్వాత అరగంట నుంచి గంట దాకా టీ కాఫీ లేకుండా. ఐరన్, కాల్షియం టాబ్లెట్లు దానికి నాలుగు గంటలు దూరంగా. "రేపే మళ్లీ టెస్ట్ చేయించుకోనా?" అని అడిగింది. వద్దు. టీ4 సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, వార్డెన్ కుదురుకోవడానికి ఇంకా టైమ్ కావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే టెస్ట్. ఒకరోజు టాబ్లెట్ మర్చిపోతే ఏమీ అనిపించకపోవడానికీ, నెల మానేస్తే ఒళ్లంతా బరువెక్కి నిద్ర ముంచుకురావడానికీ కారణం అదే. క్యాలెండర్ చూసుకుంది, ఖైరతాబాద్ గణేశ్ నిమజ్జనం అయిన తర్వాతి వారం పడింది.

నిన్న ఇంకో మెసేజ్ పెట్టింది. "అన్నా, టెస్ట్ రోజు పొద్దున్న టాబ్లెట్ వేసుకుని పోవాలా, వద్దా?" టీఎస్‌హెచ్‌కైతే ఒక్క పూట టాబ్లెట్‌తో తేడా రాదమ్మా. కానీ టీ4 కూడా చూస్తారు కాబట్టి, ముందు రక్తం ఇచ్చేయ్, తర్వాత టాబ్లెట్ వేసుకో, ఆ తర్వాత అరగంట ఆగి టిఫిన్ చెయ్.